చచ్చిపోయిందన్న బ్యాటరీతో మణుగూరు అడవికి

ఈ ప్రయాణం మా కాలేజీ హాస్టల్ వంటగదిలో మొదలైంది. నేను ఖమ్మంలో ఒక కోచింగ్ కాలేజీలో బోటనీ చెప్తాను. అక్కడ వంట చేసే నాగమణి ఒకరోజు నా కంచంలో పప్పు వేస్తూ, మీ దగ్గర పెద్ద కెమెరా ఉందట కదా మేడం, మా అమ్మకు ఒక ఫోటో తీస్తారా అని అడిగింది. వాళ్ళది మణుగూరు అవతల ఒక గూడెం. తండ్రి ఫోటోలన్నీ తమ్ముడి ఫోన్‌లో ఉండేవట. ఫోన్ వాగులో పడి పోయింది, తర్వాత కొన్నాళ్ళకే తండ్రీ పోయాడు. చివరికి ఆధార్ కార్డు మీది బొమ్మనే పెద్దది చేయించి దండ వేశారు. అందులో ఆయన దొంగతనం చేసి దొరికినవాడిలా ఉంటాడని నాగమణే చెప్పింది. అప్పటినుంచి వాళ్ళమ్మ ముత్తమ్మది ఒకటే పాట: నన్ను గట్ల గోడకెక్కియ్యొద్దు, నేను బతికుండంగనే మంచి ఫోటో తీపియ్యుండ్రి. ఫోన్‌లో తీస్తానంటే మాత్రం దగ్గరికి రానివ్వదట.

సరేనన్నాను. ఇక మొదలయ్యాయి సలహాలు. నా కెమెరా పన్నెండేళ్ళ నాటిది. షాపతను బ్యాటరీని చేతిలో అటూ ఇటూ తిప్పి, ఇది చచ్చిపోయింది, ఈ మోడల్ కూడా చచ్చిపోయింది, కొత్త కెమెరా తీసుకోండన్నాడు. మా ఆయనేమో, ఫోన్ ఉండగా ఈ ఇటుక మోత ఎందుకన్నాడు. పారేయమని ఎవరైనా అంటే చాలు, నాకు ఎక్కడలేని మొండితనం వస్తుంది. ఇంకో షాపులో డూప్లికేట్ బ్యాటరీ ఒకటి కొని రాత్రంతా చార్జింగ్ పెట్టాను. పాతదాన్ని కూడా ఊరికే వదల్లేదు, సగం చార్జింగ్‌తో దాని కవర్లో వేసి బ్యాగులో పడేశాను. వాడకుండా ఉంచే బ్యాటరీని నిండుగానూ ఉంచకూడదు, పూర్తిగా ఖాళీగానూ ఉంచకూడదు, సగంలో ఉంచితేనే ఎక్కువకాలం బతుకుతుంది.

నాగమణికి సెలవు దొరక్క, ఆదివారం పొద్దున ఆరింటికి నేనొక్కదాన్నే ఖమ్మం బస్టాండులో మణుగూరు ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆడవాళ్ళకు ఆధార్ చూపిస్తే జీరో టికెట్. కండక్టర్ కార్డు వంక ఒకసారి, నా వంక ఒకసారి చూసి కాస్త అనుమానంగానే టికెట్ ఇచ్చాడు. ముత్తమ్మ బాధ నాకు అక్కడే అర్థమైపోయింది. కిటికీ పక్క ఎండ పడుతుంది కాబట్టి కెమెరా బ్యాగును కాళ్ళ దగ్గర నీడలో పెట్టుకున్నాను. కొత్తగూడెంలో టీ తాగి, పదింటికల్లా మణుగూరులో దిగాను. అక్కడినుంచి గూడేనికి ఆటో కిరాయి మూడు వందలు, వెయిటింగ్ వేరే. డ్రైవర్ పేరు శీను. దారి పొడవునా ఇప్పపూలు రాలి ఉన్నాయి, ఏరేవాళ్ళు ఏరుతున్నారు. బ్యాటరీ గుర్తు నిండుగా ఉందన్న ధైర్యంతో ఆటో ఆగిన చోటల్లా దిగి ఫోటోలు తీశాను.

గూడెం చేరేసరికి ఆ నిండు గుర్తు ఒక్కసారిగా ఎర్రగా మారి కొట్టుకోవడం మొదలుపెట్టింది. డూప్లికేట్ బుద్ధి అది. నిండుగా ఉన్నానని చివరిదాకా నమ్మించి, అసలు పని దగ్గర చెయ్యిస్తుంది. పైగా గాలివానకు తీగ తెగి రెండు రోజులుగా గూడెంలో కరెంటు లేదు. బ్యాటరీ తీసి మంచం మీద పెట్టి, తిట్టుకుంటూ బోరింగు దగ్గరికి కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళాను. ముత్తమ్మ చిన్న కోడలు అన్నం పెట్టింది. తిని, నాలుగు ముచ్చట్లు చెప్పుకుని వచ్చి చూస్తే మంచం మీద బ్యాటరీ లేదు.

"నీ సెల్లు ఎండకు పెట్టిన బిడ్డా, జర వేడైతే లేస్తది" అంది ముత్తమ్మ.

బయటికి పరుగెత్తాను. పశువుల కొట్టం రేకు మీద, రెండు టార్చిలైటు సెల్లుల పక్కన నా బ్యాటరీ ఉంది. చెయ్యి పెడితే కాలుతోంది. నడుం దగ్గర ఉబ్బిపోయింది. ఉబ్బిన బ్యాటరీని కెమెరాలోకి తోయకూడదు, నొక్కకూడదు, గుచ్చకూడదు. గుడ్డతో పట్టి, ఇసుక పోసిన డబ్బాలో వేసి ఇంటికి దూరంగా నీడలో పెట్టించాను. కోపం ఆపుకోలేక, ఎవరు పెట్టమన్నారమ్మా నిన్ను అని గట్టిగానే అరిచాను. ఆవిడ బెదిరితేనా! మా సెల్లులు ఇట్లనే లేస్తయ్, నీ సెల్లుకు ఎండ పడదని నాకెట్ల ఎర్క, వచ్చేటప్పుడు చెప్పొద్దా అని నన్నే దబాయించింది. నా చిన్నప్పుడు మా అమ్మ రేడియో సెల్లులను డాబా మీద వరసగా ఎండబెట్టేది. ఇక ఏ మొహం పెట్టుకుని పోట్లాడను? పాత టార్చి సెల్లు ఎండకు కాసేపు లేచి కూర్చుంటుంది, కెమెరా బ్యాటరీ చెడిపోతుంది, అంతే తేడా.

మిగిలింది షాపతను చచ్చిపోయిందన్న పాత బ్యాటరీ. కెమెరాలో వేస్తే ఉలుకూ పలుకూ లేదు. తీసి చూస్తే రాగి రేకుల మీద మసకగా మురికి పేరుకుని ఉంది. పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి గుడ్డతో తుడిచి మళ్ళీ వేశాను. సగం గుర్తుతో లేచింది! ఆ షాపతను పక్కన ఉంటే బాగుండేదని నిజంగా అనిపించింది. లెన్సులో వణుకు ఆపే మీట కట్టేశాను, తీసిన ఫోటో తెర మీద దానంతటది కనబడకుండా సెట్టింగ్ మార్చాను. బ్యాటరీని ఎక్కువగా తినేది ఆ తెరే.

ముత్తమ్మ షరతులు ముత్తమ్మకున్నాయి. పోయినేడు ఎవరో వచ్చి, పూల కాలం కాకపోయినా ఖాళీ తట్ట నెత్తిన పెట్టించి, పాత చీరే బాగుందని చెప్పి, బోలెడు ఫోటోలు తీసుకుపోయారట. ఒక్కటీ తెచ్చివ్వలేదు. ఈసారి తట్ట లేదు, మట్టి గోడ లేదు. నీలం రంగు పట్టుచీర, చేతికి మొగుడి గడియారం, కాళ్ళకు చిన్నకొడుకు బొగ్గుగనిలో మొదటి జీతంతో కొనిచ్చిన కొత్త చెప్పులు. వేపచెట్టు నీడలో ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని, కలెక్టర్‌లా కూర్చుంది. నాలుగైదు తీశాను. నవ్వమంటే నవ్వలేదు, నేను అందుకు కూర్చోలేదంది.

తర్వాత, చూపియ్యి అంది. తెర వెలిగిస్తే ఉన్న కాస్తా పోతుందని నసిగాను. చూపియ్యకుండా పోయినోళ్ళను శానా మందిని చూసినా అంది. తెర వెలిగించి చూపించాను. కెమెరాను కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది.

"చెప్పులేవి?"

మోకాళ్ళ దాకా తీశానని, గోడకు పెట్టే ఫోటోలో మొహం కనబడితే చాలని చెప్పాను.

"మొగమొక్కటే అయితే ఆధార్ల గూడ ఉంది గద" అంది.

ఇంతలో తెర ఆరిపోయింది.

మణుగూరు వెళ్ళి చార్జింగ్ పెట్టుకుని వస్తానన్నాను. అందరూ గట్లనే అన్నరు బిడ్డా అంటూ గడియారం విప్పేసుకుంది ముత్తమ్మ. ఆటోలో శీను పాట ఇంకొకటి. ఇంత దూరం మళ్ళీ ఎందుకక్కా, తీసిన ఫోటో చాలు, బస్సు తప్పిపోతది, ఆ ముసలమ్మకు ఏదో ఒకటి చెప్పొచ్చు అన్నాడు. ఏదో ఒకటి చెప్పేవాళ్ళు ఇప్పటికే చాలామంది వచ్చిపోయారు, నువ్వు బండి పోనివ్వు అన్నాను.

మణుగూరు బస్టాండు దగ్గర టిఫిన్ హోటల్లో, ఇడ్లీ కుక్కర్ పక్క ప్లగ్గు అడిగి చార్జర్ పెట్టాను. లైటు గబగబా కొట్టుకుంది, అంటే ఏదో తేడా ఉందని. భయపడి బ్యాటరీ పారేయకండి. చార్జర్ ప్లగ్గు పీకేసి, దాని రేకులు కూడా తుడిచి మళ్ళీ పెడితే నిదానంగా వెలగసాగింది. రెండు టీలు తాగేంతసేపు ఉంచి, మళ్ళీ అదే దారి పట్టాం.

ముత్తమ్మ చీర మార్చేసి పొయ్యి దగ్గర ఉంది. నన్ను చూసి లేచింది. లోపలికి వెళ్ళి, మళ్ళీ పట్టుచీర కట్టుకుని, గడియారం పెట్టుకుని వచ్చి కూర్చుంది. ఈసారి కాళ్ళు ముందుకు చాపింది. నేను నేలమీద కూర్చుని తల నుంచి చెప్పుల దాకా మొత్తం వచ్చేలా తీశాను. ఎవరూ అడగకుండానే కొంచెం నవ్వింది. నేను తెర వెలిగించి చూపించబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"కాయితం మీద చూస్త. తేవా ఏంది?"

ఆఖరి బస్సు దొరికింది. చీకటి పడ్డాక ఇల్లు చేరితే, ఒక్క ఫోటో కోసం రోజంతానా అన్నాడు మా ఆయన. అవును, ఒక్క ఫోటో కోసమే. అడవికి వచ్చి తట్టలు, పచ్చబొట్లు, మట్టి గోడలు తీసుకుని వెళ్ళిపోయేవాళ్ళకు ఎన్ని బ్యాటరీలు ఉంటే మాత్రం ఏం లాభం? చచ్చిపోయిందన్న నా బ్యాటరీ ఒక మనిషిని మొత్తంగా తీసింది. ప్రింటు వేయించాను, వచ్చే ఆదివారం నేనే తీసుకెళ్తున్నాను. మీరూ ఆ దారిలో కెమెరాతో వెళ్తుంటే నా సలహా ఒక్కటే. ఎదుటి మనిషిని ఫోటో తీశాక, ఆ మనిషికి చూపించేంత చార్జింగ్ మిగుల్చుకోండి. అది కూడా లేకపోతే కెమెరా పైకెత్తకండి.