తేటబడిన నీళ్ళు

ఆటోనగర్‌లో రీవైండింగ్ చేయించిన మోటారును గోనెసంచిలో చుట్టుకుని పొద్దున్నే బందరు బస్సెక్కాను. కాలేజీకి సెలవు పెట్టక తప్పలేదు. బందరు అవతల మా చెల్లెలు వాళ్ళకి రొయ్యల చెరువుంది. నీళ్ళను చిలికి గాలి కలిపే ఏరేటర్లు రెండింటిలో ఒకదాని మోటారు కాలిపోయింది. ఈ పంట పోతే చెరువు వదులుకోవడమేనని బావగారు ముందే తేల్చేశారు.

కండక్టర్ సంచిని కాలితో తట్టి లగేజీ టికెట్ కొట్టాడు. మోటారు కాళ్ళ మధ్య ఇరుక్కోవడంతో ఉయ్యూరులో టీకి కూడా దిగలేదు. బయట వారంగా పట్టిన మబ్బు అలాగే ఉంది.

పామర్రు దాటాక చెల్లెలు ఫోన్ చేసింది. "ఎక్కడిదాకా వచ్చావన్నయ్యా? నీళ్ళయితే తేటబడ్డాయిలే. నిన్న మీ బావగారు మైలుతుత్తం కొట్టారు. ఆ పచ్చదనమంతా పోయింది."

పక్కసీటు పెద్దాయన విన్నట్టున్నాడు. "తేటబడితే మంచిదేగా అండీ," అన్నాడు.

మంచిది కాదు. పిల్లలకి ఏటా చెప్పే పాఠమే ఇది. ఆ పచ్చదనం కంటికి ఆనని నాచు. పగలు రొయ్యలకి ఊపిరి అందించేది అదే. రాత్రిళ్ళు అదీ ఊపిరి పీలుస్తుందని బావగారి భయం, అందులోనూ నిజముంది. కానీ కొంత తగ్గించాల్సినదాన్ని ఆయన మొత్తం చంపేశారు. ఇప్పుడది కుళ్ళుతూ, మిగిలిన కాస్త ఊపిరినీ తినేస్తుంది. బందరులో ఆటోవాణ్ణి తొందరపెట్టి తిట్లు తిన్నాను.

నేను చెరువు చేరేసరికి గట్టు వెంబడి రొయ్యలు ఊపిరాడక పైకొచ్చి మీసాలు ఆడిస్తున్నాయి. బావగారూ నేనూ కలిసి మోటారు బిగించాం. చక్రం తిరిగి నురగ లేచింది గాని, రొయ్యలు కిందికి దిగలేదు.

"పచ్చనీళ్ళు కావాలి బావగారూ, పాలకి తోడు పెట్టినట్టు," అన్నాను.

పక్క చెరువు పచ్చగానే ఉంది. కానీ ఇక్కడ ఒకరి వల ఇంకొకరు ముట్టుకోరు, కాళ్ళు కడగందే పొరుగు గట్టు ఎక్కనివ్వరు. తెల్లమచ్చ రోగం నీళ్ళతోనే పాకుతుందని భయం.

"అడిగితే తిడతాడు. ఇచ్చాడా, రోగమొస్తుంది," అన్నారు బావగారు.

నేనే అడిగాను. ఆ చెరువు కోటేశ్వరరావుగారు అప్పటికే తన గట్టు మీద నిలబడి మమ్మల్నే చూస్తున్నారు.

"రోగం లేదని పూచీ ఇవ్వలేనండీ. ఇంజను పెడతా, తోడుకోండి."

"ఎందుకిస్తున్నారు?" బావగారు అనుమానం దాచుకోలేదు.

"మీయి చస్తే ఆ నీళ్ళు డ్రెయిన్లోకేగా వదుల్తారు? రేపు నేను తోడుకునేది అందులోంచేగా అండీ."

బావగారు పైపు అందుకున్నారు.

ఆ రాత్రి ఎవరికీ నిద్ర లేదు. తెల్లారేసరికి కొన్ని రొయ్యలు చచ్చి తేలాయి. మిగతావి కనబడలేదు. అడుగుకి దిగాయో, అడుగున చచ్చాయో తెలియకుండానే మధ్యాహ్నం బస్సెక్కాను. రోడ్డు పక్కన కాలవ చాలాసేపు వెంట వచ్చింది. ఎవరి చెరువుకి వాళ్ళు గట్లు వేసుకున్నారు గాని, అందరూ తోడుకునేదీ వదిలేదీ ఒకే నీరని తలుచుకుంటే భయమే వేసింది.

బెంజ్ సర్కిల్లో దిగుతుంటే ఫోన్ మోగింది. "మేత పళ్ళెం పైకి లాగుతున్నాం, ఉండు," అంది చెల్లెలు.

ఆమె మళ్ళీ మాట్లాడేలోపే వెనకనుంచి కోటేశ్వరరావుగారి గొంతు వినిపించింది.

"తిన్నాయామ్మా?"

"తిన్నాయండీ. పళ్ళెం ఖాళీ."

మా వాళ్ళెవరికన్నా ముందు "హమ్మయ్య" అన్నది ఆయనే.