బోల్టుగారి చావుకాగితం

వెలిచ్కోకి ఒక్కటే పిచ్చి. తన ముసలి ఆకుపచ్చ కారులో ఏ సామాను విరిగినా, కాలినా, ఊడిపడినా దానికి చావుకాగితం అంటిస్తాడు. మిగతా విషయాల్లో ఆయనా మనందరిలాంటి మనిషే. ద్రాక్షతోట చూసుకుంటాడు, చీటికీమాటికీ ప్రభుత్వాన్ని తిడతాడు, ఆదివారం చర్చికెళ్ళి నిలబడే కునుకు తీస్తాడు.

రోడోపి కొండల్లో చావుకాగితమంటే ఆషామాషీ వ్యవహారం కాదు. మనిషి పోతే నల్ల అంచు కాగితం మీద ఫోటో, పేరు, నాలుగు మంచి ముక్కలు వేయించి ఇంటి తలుపుకీ, బస్టాపుకీ, చెట్టుకీ అంటిస్తారు. నలభయ్యో రోజున ఇంకొకటి, సంవత్సరానికి ఇంకొకటి. కొంప మునిగిపోయే పని మీద వెళ్ళేవాడైనా సరే దాని ముందు ఆగి చదవకుండా పోడు. పోయిన శాల్తీ మనదో కాదో తెలియాలి కదా.

వెలిచ్కో కాగితాల్లో ఫోటో ఉండాల్సిన చోట పెన్సిలుతో గీసిన సామాను బొమ్మ ఉంటుంది. వైపరు పోతే "జన్మంతా ఒకరి ముఖం తుడవడమే సరిపోయింది" అని రాశాడు. సైలెన్సరు పోతే "నోరెత్తకుండా బతికింది, పోతూ పోతూ మాత్రం ఊరంతటినీ లేపింది" అన్నాడు. హారను పోయినప్పుడు మాత్రం పెద్ద గొడవే అయింది. "మన ఊరి గొంతు మూగబోయింది" అని బారెడు అక్షరాల్లో రాసి, బొమ్మేమో గోరంత గీశాడు. చర్చిలో పాడే నికిఫోర్ పోయాడనుకుని ఊరంతా చావు ఇంటికి తీసుకెళ్ళే లెక్కన సరిసంఖ్యలో పూలు పట్టుకుని ఆయనింటికి బయల్దేరారు. తలుపు తీసింది నికిఫోరే. ఆయన చేతిలోనూ నాలుగు పూలున్నాయి. కాగితం చదివి, పాపం పోయిందెవరో కనుక్కుందామని ఆయనా అప్పుడే బయల్దేరుతున్నాడట.

దోబ్రినాకి ఈ కాగితాలంటే ఒళ్ళు మంట. వెలిచ్కో ఆమె మొగుడికి పెదనాన్న కొడుకు, పైగా పక్కిల్లు. ఆమె శకునాల మనిషి. పిల్లి ఎదురైతే గుమ్మం దాటదు, ఉప్పు ఒలికితే ఆ పూట ఎవరితోనూ మాట్లాడదు. అలాంటి మనిషికి పొద్దున్నే తలుపు తీయగానే ఎదుటి స్తంభం మీద ఫ్యాను బెల్టు చావు కనబడితే ఎలా ఉంటుంది? ఆమె చింపడం, ఆయన మళ్ళీ అంటించడం, ఇదే వాళ్ళిద్దరి చుట్టరికం.

దానికితోడు, పోయినవాళ్ళ పేరున గోధుమలు ఉడికించి పంచే నలభయ్యో రోజు దగ్గరపడితే ఆయన కంచె మీంచి తల పెట్టేవాడు. "అమ్మాయ్, మా రేడియేటరు పేరు మీద కాసిని గోధుమలు ఉడికించి పెడుదూ."

"ఇనపముక్కకి గోధుమలు ఉడకబెట్టిన రోజు నాకూ ఒక కాగితం అంటించేయండి బావగారూ" అని ఆమె కిటికీ మూసేసేది.

ఇలా ఉండగా దోబ్రినా కొడుకు అసెన్‌కి పెళ్ళి కుదిరింది. పిల్ల పేరు నెవెనా, పై ఊరు. దోబ్రినా నోరు ఊరుకోక ఎప్పుడో కొట్టు దగ్గర "పిల్ల మరీ పుల్లలా ఉంది, రొట్టెపిండి పిసకగలదో లేదో" అంది. ఆ మాట ఆమెకన్నా ముందే కొండెక్కి పిల్ల ఇంటికి చేరింది. అత్తగారికి ఈ సంబంధం ఇష్టం లేదని అప్పటినుంచీ పై ఊళ్ళో ఒకటే గుసగుసలు. నిజానికి ఆమెకి పిల్లంటే ప్రాణం. చెప్పడం చేతకాదంతే. పెళ్ళినాడు ఆచారం ప్రకారం విందు జరిగే చోట గుమ్మంలో నిలబడి, రొట్టెముక్క తేనెలో ముంచి కోడలి నోట్లో పెడితే ఆ పుకారు అక్కడితో చస్తుందని ఆమె ఆశ. అదే, కోడలు దిగేసరికి గుమ్మంలో అత్తగారు లేకపోతే ఇంకేమైనా ఉందా? మనవలు పుట్టాక కూడా చెప్పుకుంటారు.

అందుకే పెళ్ళి ముందురోజు ఆమె పట్నం దాకా రోడ్డు వెంబడే నడిచి, వెలిచ్కో కాగితాలన్నీ ఏరి ఏరి చింపేసింది. కొత్తకోడలు వచ్చే దారిలో చావు కనబడకూడదు. చింపిన కాగితాలతో సంచీ నింపుకుని బస్సెక్కి ఇంటికొచ్చి పడుకుంది. ఆ రాత్రి భోరున వాన కురిసింది.

తెల్లారాక ఊళ్ళో ఉన్న కార్లన్నీ డోళ్ళతో, సన్నాయితో పిల్లని తేవడానికి పై ఊరికి పోయాయి. దోబ్రినాని పట్నంలో విందు జరిగే హోటలుకి చేర్చడానికి వెలిచ్కో కారు ఒక్కటే మిగిలింది. ఆమె దండం పెట్టుకుని కూర్చుంది. ఒళ్ళో కుట్టుపని చేసిన గుడ్డలో చుట్టిన గుండ్రటి రొట్టె, చేతిలో తేనెగిన్నె.

వెలిచ్కో రోడ్డు చూడడంలేదు, చెట్లు చూస్తూ నడుపుతున్నాడు. ఆమె రెండుసార్లు గొణిగింది, మూడోసారి అరిచింది. ఆయన వినిపించుకుంటేనా. అక్రోటు చెట్టు మలుపు దగ్గరికొచ్చేసరికి ముఖం చిట్లించి, "ఇక్కడ మా సైలెన్సరు కాగితం ఉండాలే" అంటుండగానే కారు ఒక నీళ్ళమడుగులోకి దూకింది. ధన్‌మని చప్పుడైంది. ముందు ఎడమ చక్రం కాలు మడతపడ్డట్టు లోపలికి వాలిపోయింది. తేనె సగం దోబ్రినా కొత్త జాకెట్టు భుజం మీద పడింది.

వెలిచ్కో కారు కిందికి దూరి, సగం బోల్టు పట్టుకుని బయటికొచ్చి టోపీ తీశాడు. చక్రాన్ని పట్టి ఉంచే కింది ఆర్మ్ బోల్టు అది, అడ్డంగా రెండు ముక్కలైంది.

"పోయింది" అన్నాడు. ఆ వెంటనే చెయ్యి డాష్‌బోర్డు అరలోకి పోయింది. అక్కడ నల్ల అంచు కాగితాలు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి.

"ముందు పెళ్ళి. చావు తర్వాత" అంది దోబ్రినా. ఆ గొంతు విని వెలిచ్కో కాగితం వదిలి జాకీ తీశాడు. విరిగిన ముక్కని సుత్తితో కొట్టి బయటికి లాగాడు. వెనక ట్రైలరు తగిలించే కొక్కేనికి అంత లావు బోల్టే ఉంటే దాన్ని ఊడదీసి ఇక్కడ బిగించాడు. పట్నం దాకా మెల్లగా పోతే ఫరవాలేదన్నాడు. ఆయన బిగిస్తున్నంతసేపూ దోబ్రినా కొండవైపు చెవి పెట్టి, డోలు చప్పుడు దగ్గరికొస్తోందేమోనని వింటూ నిలబడింది.

పని అయ్యాక ఆయన కారెక్కలేదు. సుత్తి, మేకులు, కాగితం పట్టుకుని చెట్టువైపు నడిచాడు. ఆమె అడ్డంగా వెళ్ళి నిలబడింది.

"నా కోడలొచ్చే దారిలో చావుకాగితమా? నన్ను చంపి అంటించండి."

"నిన్నటిదాకా ఇక్కడొకటి ఉండేదమ్మాయ్. చూశావా?"

"చింపేశాను. దారి పొడవునా చింపేశాను."

ఆయనకి కోపం రాలేదు. మడుగు వైపు చూసి తల గోక్కున్నాడు. "అదన్నమాట. కాగితం కనబడితే నేనే పక్కకి తిప్పేవాణ్ణి. నీ కోడలు ఇదే మలుపు దిగుతుంది. వాళ్ళ నాన్న కారు నా కారుకన్నా కిందికి ఉంటుంది."

"గుంత ఉందని బోర్డు పెట్టొచ్చుగా."

"పెట్టా. గుద్దేసి పోయారు. మనవాళ్ళలో బోర్డు చూసి ఆగినవాణ్ణి చూపించు. చావుకాగితం దగ్గరైతే చచ్చినట్టు బ్రేకు తొక్కుతారు."

దోబ్రినా తను చింపినవన్నీ ఒక్కొక్కటే గుర్తుచేసుకుంది. వైపరు కాగితం వంతెన దిగే చోట ఉండేది. అక్కడ గుంత. హారను కాగితం బస్టాపు దాటాక. అక్కడ ఇంకా పెద్ద గుంత. ఇంటి ఎదురు స్తంభం దగ్గర, అసెన్ చిన్నప్పుడు సైకిలు మీంచి పడి పన్ను విరగ్గొట్టుకున్న గుంత. ఇన్నేళ్ళూ ఈ మనిషి ఇనుముకి ఏడుస్తున్నాడనే అనుకుంది. ఆమెకి సిగ్గేసింది, ఆయన మీద ఎక్కడలేని ప్రేమా పుట్టుకొచ్చింది. రెండూ దాచుకోవడానికి ముక్కు చీదింది.

"ఇలా ఇవ్వండి. మీ రాత చీమల బారు" అని కాగితం లాక్కుని కారు బానెట్టు మీద పెట్టి తనే రాసింది. అడుగున 'దుఃఖిస్తున్నవారు' అన్నచోట వెలిచ్కో పేరు రాసి, దానికన్నా పైన తన పేరు రెండింతల లావుగా రాసింది. పెళ్ళికొడుకు తల్లి ఏడుస్తోందంటే ఆగకుండా పోయేవాడెవడో చూస్తానంది. మేకు కూడా తనే కొట్టింది.

వాళ్ళు హోటలు చేరి, ఆమె గుమ్మంలో రొట్టె పట్టుకుని ఊపిరి పీల్చుకునేసరికి పెళ్ళివారి కార్లు దిగాయి. డోలు మోగడంలేదు. సన్నాయి చంకలో ఉంది. మగవాళ్ళంతా టోపీలు తీసి చేత్తో పట్టుకున్నారు. కాగితం దగ్గర ముందుకార్ల వాళ్ళు దిగి చదివారు, వెనక కార్ల వాళ్ళకి దోబ్రినా పేరున్న పెద్ద అక్షరాలే కనబడ్డాయి. దోబ్రినా మొగుడు మిహాల్ అయితే తెల్లబోయిన ముఖంతో వచ్చి పెళ్ళాన్ని పైనుంచి కిందిదాకా తడిమి చూసుకున్నాడు. ఒక్క కారుకీ చిన్న గీత కూడా పడలేదు.

నెవెనా కారు దిగి నేరుగా అత్తగారి దగ్గరికొచ్చింది. కాగితం ఆమె పూర్తిగా చదివింది. "ఒక బోల్టుకోసమే అంత ఏడ్చారు. నన్నింకెంత బాగా చూసుకుంటారో అత్తయ్యా" అంది పై ఊరు మొత్తం వినేలా.

దోబ్రినా రొట్టె తుంచింది. గిన్నెలో తేనె అడుక్కి చేరింది. పిల్ల చటుక్కున ఆ ముక్క అందుకుని అత్తగారి భుజం మీద తేనెలో అద్దుకుని తినేసింది. డోలు దానంతటదే మొదలైంది.

ఆ మరుసటి వసంతంలో ఎవరికి దయ పుట్టిందో, అక్రోటు మలుపు గుంత పూడ్చారు. తెల్లారేసరికి చెట్టుకి కాగితం ఉంది. బొమ్మ స్థానంలో ఒక సున్నా. కింద "అందరినీ ఆపింది, ఎవరినీ మింగలేదు" అని ఉంది. దాన్ని ఎవరూ చింపలేదు.

నలభయ్యో రోజున, ఎవరూ అడక్కుండానే దోబ్రినా కోడల్ని వెంటబెట్టుకుని పెద్ద గిన్నెడు ఉడికించిన గోధుమలు పంచదార, అక్రోటు పప్పు కలిపి చెట్టు కిందికి తెచ్చింది. ఆగిన ప్రతి కారువాడికీ ఇంత పెట్టింది. వెలిచ్కో టోపీ తీసి, జేబులోంచి నల్ల అంచు కాగితం బయటికి లాగాడు.

"మరి అన్న మాట ప్రకారం నీ కాగితం ఇప్పుడే రాసేయనా అమ్మాయ్?"

"నేనన్నది ఇనపముక్క సంగతి బావగారూ. ఇది గుంత" అని ఆయన దోసిట్లో ఇంకో గరిటె వేసింది.