లెక్కల టీచరు కూతురికి టీసీ

పన్నెండేళ్లుగా కప్పగల్లు పక్కన ఒక పల్లెలో, సర్కారు బడిలో లెక్కలు చెబుతున్నాను. ప్రతి జూన్‌లో మేం టీచర్లం ఇంటింటికీ తిరిగి, "మీ పిల్లల్ని మా బడికే పంపండి, ప్రైవేటు కంటే బాగా చెబుతాం" అని గొంతు చించుకుంటాం. నా కూతురు మాత్రం టై కట్టుకుని బస్సెక్కి బళ్లారిలో ప్రైవేటు స్కూలుకు పోయేది. సిగ్గా? అబ్బే! మా స్టాఫులో అందరి పిల్లలూ ఆ బస్సుల్లోనే పోతారు.

తొమ్మిదో తరగతి అయ్యాక ఆ స్కూలు ప్రిన్సిపాలు నన్ను పిలిచి, కాఫీ ఇచ్చి మరీ చెప్పాడు. "మీ పాప లెక్కల్లో వీకు మేడం. పబ్లిక్‌లో మాకు వంద శాతం పాసు రావాల. మీరే టీసీ తీసుకుంటే మర్యాదగా ఉంటాది."

లెక్కల టీచరు కూతురు లెక్కల్లో వీకు! ఒళ్లు మండిపోయింది. కాఫీ మాత్రం తాగేసే వచ్చాను.

పదో తరగతికి ఇంకే ప్రైవేటూ తీసుకోలేదు. మా బడిలోనూ ఇంగ్లీషు మీడియం సెక్షన్ ఉంది కాబట్టి, చివరికి అడ్మిషన్ రిజిస్టర్‌లో దాని పేరు నా చేత్తో నేనే రాసుకున్నాను. హెడ్మాస్టరు కళ్లజోడు పైకి నెట్టుకుని, "ఇంటింటికీ తిరిగి చెప్పిన మాట ఇన్నేళ్లకు మీరూ నమ్మినారు మేడం" అన్నాడు. తలెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

నా భయం ఒకటే. ఇది పబ్లిక్‌లో తప్పితే నా పరువు సంగతి అటుంచి, 'నాకు చదువు రాదు' అని జన్మంతా అనుకుంటుంది.

మొదటి రోజు లెక్క అడిగితే గైడులో ఉన్నది గడగడా అప్పజెప్పింది. అంకెలు మార్చి ఇచ్చాను. మళ్లీ గైడులో జవాబే రాసింది. సెలవుల్లో మిరప కోతకు పోయే దాని పక్క బెంచీ పిల్ల జాలిపడి, "ఏందే, టై కట్టుకోని పోయి నువ్వు నేర్చుకునింది ఇదేనా? ఈ పక్కకు జరుగు, చెప్తా" అంది. ఏడాదంతా ఇద్దరూ బోర్డు దగ్గర పోట్లాడుకుంటూనే నేర్చుకున్నారు. నేను చెప్పిన దాని కంటే ఆ పిల్ల చెప్పిందే దానికి ఎక్కువ ఎక్కింది. అదీ నాకు కొంచెం కడుపు మంటే.

పబ్లిక్‌లో సర్కారుకూ ప్రైవేటుకూ ఒకటే పేపరు. మా పాప పాసైంది, లెక్కల్లో కూడా మంచి మార్కులతో. నేను బాత్రూంలోకి పోయి ఏడ్చాను.

ఆ వారమే బళ్లారిలో దాని పాత స్కూలు గేటుకు 'వంద శాతం ఫలితం' అని పెద్ద ఫ్లెక్సీ కట్టారు. ఇది పోయి దాని కింద నిలబడి, పళ్లన్నీ బయటపెట్టి, "అమ్మా, ఫోటో తియ్" అంది.

"వెళ్లగొట్టిన గేటు దగ్గర ఫోటో ఏందే, సిగ్గు లేదా?" అన్నాను.

"నేను ఈడనే ఉండినా వందే వచ్చేది గదమ్మా" అంది. "పాపం, వీళ్లకు లెక్కలు రావు."