థీసిస్‌లో మానిన పుండు

కరోనా సద్దుమణిగి ఓపీలు మళ్లీ కిక్కిరిసిన ఏడాది అది. చెన్నైలో ఒక మెడికల్ కాలేజీ ఆస్పత్రిలో, షుగరు రోగుల కాళ్ల పుళ్లకు కట్లు కట్టే గదిలో నేను స్టాఫ్ నర్సుని. ఇప్పటికీ అక్కడే ఉన్నాను. మాది తరతరాలుగా ఈ ఊరే అయినా ఇంట్లో తెలుగే కాబట్టి, తెలుగు రోగి ఎవరొచ్చినా నాకే అప్పజెప్తారు.

బయటివాళ్లకు అంతగా తెలియని సంగతి ఒకటుంది. సర్జరీలో పీజీ చేసే ప్రతి డాక్టరూ థీసిస్ రాయాలి. ఒక ప్రశ్న తీసుకుని, గైడ్ అనే ప్రొఫెసర్ కనుసన్నల్లో రోగులను పరిశీలించి, తేలింది పుస్తకంగా కట్టి ఇవ్వాలి. అది ఒప్పుకుంటేనే చివరి పరీక్షకు కూర్చోనిస్తారు. అందుకే ఏటా మా గదిలోకి ఎవరో ఒక కుర్ర డాక్టరు, ఆడపెళ్లివారిలా కంగారు పడుతూ ఊడిపడతారు.

ఆ ఏడు వచ్చింది డాక్టర్ ప్రణీత. గుంటూరు పిల్ల, మంచి పిల్ల. రెండు రకాల కట్లలో దేనితో పుండు త్వరగా మానుతుందన్నది ఆమె థీసిస్. ఎంచుకున్న రోగుల్లో రత్నమ్మ ఒకతె. వ్యాసర్పాడిలో బండి మీద బొగ్గుల పెట్టెతో ఇస్త్రీ చేస్తుంది. రోజంతా నిలబడే పని. ఆమెకు న్యూరోపతి, అంటే షుగరు వల్ల నరాలు మొద్దుబారి పాదాల్లో స్పర్శ పోయింది. ముల్లు దిగినా తెలియదు.

సంతకం పెట్టించుకునేటప్పుడు ప్రణీత ఒకటికి రెండుసార్లు చెప్పింది. "అమ్మా, ప్రతి శనివారం నేనే ఫోన్ చేసి పిలుస్తానండీ. ఈలోగా ఇంకెక్కడా కట్టు కట్టించుకోవద్దు. కట్టించుకున్నారంటే నా థీసిస్ పాడైపోతుంది, పరీక్షకు కూర్చోనివ్వరు."

"అయ్యో, నీ పరీక్ష నేనెందుకు పాడు చేస్తాను పాపా! నువ్వు పిలిస్తేనే వస్తా, నీచేతనే కట్టించుకుంటా," అంది రత్నమ్మ.

అన్నట్టే చేసింది. ప్రణీత ఫోన్‌లో రమ్మనడమే కాదు, అన్నం తగ్గించారా, చెప్పులు వేసుకుంటున్నారా అని అడిగేది. "డాక్టరే నాకు ఫోన్ చేస్తాది" అని రత్నమ్మ బట్టలిచ్చే వాళ్లందరికీ చెప్పుకునేది. పుండు చక్కగా మానింది. ఆ రోజు మల్లెపూలు తెచ్చి మా ఇద్దరి జడల్లో తనే తురిమింది.

ప్రణీత థీసిస్ ఇచ్చేసింది. వేరే వార్డులో డ్యూటీ పడింది, ఆపైన పరీక్షల చదువు. ఫోన్లు ఆగిపోయాయి. ఇక ఫోన్ రాదు, కాలికి ఏమైనా అయితే నీ అంతట నువ్వే రా అని రత్నమ్మకు చెప్పడం ఎవరి పనీ కాకపోయింది.

వానాకాలంలో ఒక పొద్దున ఆమె కొడుకు ఆటోలోంచి ఎత్తుకుని తెచ్చాడు. తనే చుట్టుకున్న పాతగుడ్డ విప్పితే పాదం నల్లబడిపోయి ఉంది.

"ఇన్నాళ్లు ఏం చేశావు రత్నమ్మక్కా?" నాకు కోపం ఆగలేదు. "మీ వీధి చివరే కార్పొరేషన్ ఆస్పత్రి ఉంది కదా!"

"చెప్పులో నిప్పుముక్క పడినట్టుండాది సిస్టర్, నాకు తెలీలా. చూసుకునేతలికి పుండయిపోయుండాది. ఆడికే పోదామనుకున్నా. ఇంకెక్కడా కట్టించుకోవద్దని పాప చెప్పింది కదా! పాపం పరీక్ష పోతాదేమోనని, ఫోన్ చేస్తాదిలే అని చూస్తా ఉండిపోయినా."

మోకాలి కింద నుంచి కాలు తీసేశారు.

కబురు తెలిసి ప్రణీత వచ్చింది. మంచం పక్కన నిలబడింది. రత్నమ్మే అడిగింది, "ప్యాసయినావా పాపా?" ప్రణీత తలూపింది. "సరి, అంతకంటే ఏం కావాల," అంది రత్నమ్మ.

బయట వరండాలో ప్రణీత నా చెయ్యి పట్టుకుంది. "నా థీసిస్‌లో ఈవిడది మానిపోయిన కేసు, సిస్టర్. జరిగింది కూడా రాస్తానని మా గైడ్‌ని అడిగాను. మన పరిశీలన నడిచినన్నాళ్లలో మానింది, రాసింది నిజమేగా అన్నారు."

నిజమే, అందులో అబద్ధం లేదు. అందుకే నాకు ఏడుపొచ్చింది. మధ్యలో రావడం మానేసిన రోగిని మా వాళ్లు లాస్ట్ టు ఫాలో-అప్ అంటారు, చెయ్యి జారిపోయిన మనిషని. డాక్టరే మధ్యలో మాయమైతే దానికి మాకు పేరు లేదు. రోగికి మనం చెప్పే నియమం ఎప్పటితో తీరిపోతుందో కూడా చెప్పాలని నాకు తెలిసింది ఆ కాలు పోయాకే. ఇప్పుడు థీసిస్ రోగులందరికీ నోరు నొప్పి పుట్టేలా చెప్తున్నాను. కానీ చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే కదా!

మరుసటి ఏడు ఖమ్మం నుంచి వచ్చిన కుర్ర డాక్టరు ఒకడు, కాలు తీసేసిన వాళ్ల బతుకు ఎలా సాగుతోందన్నది థీసిస్‌గా తీసుకున్నాడు. రత్నమ్మ కర్రల సాయంతో వచ్చి మా బల్ల మీద కూర్చుంది. అప్పుడప్పుడూ ఫోన్ చేసి వివరాలు అడుగుతానని అతను చెప్పాడు.

"ఎన్నాళ్లు చేస్తావు?" అంది రత్నమ్మ.

"నా థీసిస్ అయ్యేదాకా చేస్తనమ్మా."

"ఆ తర్వాత?"

అతను నావైపు చూశాడు.

"పర్వాలేదులే. ఆపేసేముందర ఆపేస్తున్నానని నాతో ఒక మాట చెప్పు నాయనా," అంది రత్నమ్మ, పెన్ను అందుకుంటూ. "సంతకం ఏడ పెట్టాల?"