మార్తోరెజో కాచిన జావ

పుట్టినప్పుడు తండ్రి అతనికి సూర్యనింగ్రాట్ అని పేరు పెట్టాడు. అది కోటలో పల్లకీ ఎక్కి తిరగాల్సిన పేరు. వీళ్లదేమో వెదురు తడికల ఇల్లు. పాలు తాగే వయసులోనే పిల్లాడికి జ్వరం పట్టుకుని వదల్లేదు. "పేరు బరువైపోయింది, బిడ్డ మోయలేకపోతున్నాడు" అన్నారు పెద్దలు. తెల్లజావ, కొబ్బరిబెల్లం కలిపిన ఎర్రజావ కాచి, అరిటాకుల్లో ఊరందరికీ పెట్టి, పేరు పోనిజో అని మార్చారు. జ్వరం దిగిపోయింది. చిక్కంతా అక్కడే మొదలైంది.

పెద్దవాడయ్యాక ఉల్లితోట కుళ్లిపోతే పోనిజో తనే జావ కాచుకుని విర్యో అయ్యాడు. తోట వదిలి మేకలు కొన్నాడు. అవి ఏదో విషపాకు మేసి పడిపోతే మళ్లీ జావ. మార్తోరెజో అయి బాతులు తోలసాగాడు. కష్టం వచ్చినప్పుడల్లా మాసిన చొక్కా విప్పినట్టు పాత మనిషిని విప్పి దండెం మీద పడేసేవాడు. ఊరికి మాత్రం పండగే. అతని మొహం కాస్త వాడితే చాలు, "జావ ఎప్పుడోయ్?" అని పలకరించేవారు.

యాభై దాటాక సరింతెన్‌ని చూశాడు. సంతలో టోఫు వేయించి అమ్మే వితంతువు. ఆమె నోట్లో మాట, మూకుట్లో నూనె ఎప్పుడూ సలసలమంటూనే ఉంటాయి. చేసుకుంటానంది. కోతలవగానే పెళ్లి అనుకున్నారు.

కోతలయ్యాయి. బాతులు గుడ్లు పెట్టడం మానేశాయి. ఒకటీ అరా కాదు, మందకి మందే. మార్తో పొయ్యి మీద జావకుండ ఎక్కించాడు. కబురు తెలిసి సరింతెన్ పిండిచేతులతోనే వచ్చింది.

"ఏమయ్యా, ఏం కాస్తున్నావు?"

"జావ. ఈ పేరు నాకు అచ్చిరాలేదు సరింతెన్. ఇవాళ్టి నుంచి హర్జో."

"నేను సరేనంది మార్తోకి. ఆయన పోతే నా మాటా ఆయనతోనే పోయినట్టు."

"మనిషిని నేనే కదా!"

"నీకేం? పెళ్లయితే నన్ను పిలిచేది నీ పేరుతోనే. ఇవాళ మార్తోగారి ఆవిడ, వాన తప్పితే హర్జోగారి ఆవిడ, పిల్లి చస్తే ఇంకెవరి ఆవిడో. ఒక్క మొగుడితోనే నలుగురు మొగుళ్ల దాన్నవుతాను!"

చెప్పి, వెళ్లిపోకుండా, జావ కోసం వచ్చి ఆకుల ముందు కూర్చున్న ఆడవాళ్ల మధ్య చతికిలబడింది.

ఊరిపెద్ద క్రోమో తాత గొంతు సవరించుకున్నాడు. "కొత్త పేరు చెప్పరా, దీవిస్తాను. జావ చల్లారిపోతోంది."

మార్తో బాతుల దొడ్డి వైపు చూశాడు. సరింతెన్ వైపు చూశాడు. ఆమె పైకి చూస్తూ ఇంటి దూలాలు లెక్కపెడుతోంది.

"మార్తోరెజో."

"అది పాతదే కదరా!"

"పాతదే. దాన్నే దీవించు తాతా."

"పాతదానికి దీవెనేమిటి?"

"జావ కొత్తదేగా, కానివ్వు!" అని వెనకనుంచి ఎవరో అరిచారు. తాత గొణుగుతూనే దీవించేశాడు.

మర్నాడు మార్తోకి ఏం చేయాలో తోచలేదు. కొత్త పేరూ లేదు, కొత్త పనీ లేదు. వచ్చిన కష్టం ఎదురుగానే ఉంది. దాంతో తెల్లవారడం అతనికి కొత్త. దొడ్డి దగ్గర కూలబడ్డాడు. అలా కొన్ని వారాలు అదే పని. ఒకరోజు అటుగా పోతూ క్రోమో తాత ఆగాడు.

"ఈకలు రాల్చే కాలంలో బాతు గుడ్డు పెట్టదురా. కొత్త ఈక రావాలి. వాటికేమీ పేరు బరువవ్వలేదు."

"ముందే చెప్పొచ్చుగా!"

"చెబితే జావ మానేసేవాడివి."

చివరికో ఉదయం గడ్డిలో తెల్లగా కనిపించింది. మార్తో దాన్ని తువ్వాల్లో చుట్టుకుని సంతకి పరిగెత్తి సరింతెన్ మూకుడు పక్కన పెట్టాడు. ఆమె తలెత్తలేదు.

"ఎవరిదీ గుడ్డు?"

"బాతుది."

"బాతు ఎవరిది?"

"మార్తోరెజోది."

"ఆ మనిషి ఇంకా ఊళ్లోనే ఉన్నాడా?"

"ఉన్నాడు."

"అయితే సాయంత్రం మా అన్న దగ్గరికి రమ్మను. మంచిరోజు చూడాలి" అని టోఫు ముక్క తిరగేసింది.