మా గోడ మీది మేక

మామ పోయాక మా అత్తగారికి నిద్ర కరువైంది. మా దీవుల రాజధాని సువాలో పెద్దాసుపత్రి దగ్గరవుతుందని ఆవిడను ఆ ఊరి శివారు నసీనులోని మా ఇంటికి తెచ్చుకున్నాం. స్వాతంత్ర్యం వచ్చిన కొన్నేళ్ళకు అక్కడ కొత్త ఇళ్ళు వరసగా లేస్తున్న రోజులవి. ఆవిడ కోసం ఇంటి వెనక ఒక గది వేయించాను. లెక్కంతా నాదే. నేను చదివింది తక్కువ. హార్డ్‌వేర్ దుకాణంలో పనిచేస్తూ, గోడ కొలత చెబితే ఎన్ని డబ్బాల రంగు పడుతుందో చెప్పడం నాకు నేనే నేర్చుకున్నాను. గాలి ఎటు నుంచి వస్తుందో చూసి కిటికీలు ఎదురెదురుగా పెట్టించాను. కాలు దించితే నేల తగలాలని మంచం కోళ్ళు కోయించాను. కంటికి చల్లగా ఉంటుందని గోడలకు లేత ఆకుపచ్చ వేయించాను.

నెల తిరక్కుండానే ఆవిడ, "నన్ను లబాసా పంపెయ్యండి" అంది.

"ఇక్కడేం తక్కువైంది అత్తా?"

"తక్కువేం లేదు పిల్లా. రూము ఏక్‌దమ్ అచ్ఛా ఉంది. పడుకుంటే ఆసుపత్రిలాగ ఉంది, అంతే."

అవతలి దీవిలోని లబాసాలో మా తోటికోడలు ఉంటుంది, ఇంటికి పెద్దకోడలు. నేనే ఓడలో దింపడానికి వెళ్ళి వారం ఉన్నాను. చెరుకు పొలాల మధ్య రేకుల ఇల్లు. ఉన్నది ఒకటే కిటికీ, అదీ వంటచెరుకు పేర్చిన వైపు. మధ్యాహ్నం బయటకన్నా లోపలే వేడి. నా లెక్క ప్రకారం ఆ గదిలో మనిషికి నిద్ర పట్టకూడదు. మూడో రోజే అత్తగారు అన్నం తిని గుర్రు పెట్టింది. నేను విసనకర్ర ఊపుకుంటూ ఆ గుర్రు వింటూ కూర్చున్నాను.

కారణం గోడ మీద ఉంది. చక్కెర మిల్లు నడిచే నెలల్లో ఆరేసిన బట్టల మీద నల్లటి నుసి రాలుతుంది. ఊరంతా తిట్టుకునే ఆ నుసిని తోటికోడలు ఊడ్చి దాచి, గంజిలో కలిపి, అత్తగారి మంచానికి ఎదురుగా చెక్కగోడ మీద వేలితో బొమ్మలు వేసింది. జోడెడ్లు, చెరుకు పూత, చిలకలు. తెలుపుకి సున్నం, చిలక ముక్కుకి కుంకుమ. ఎద్దు కాళ్ళు ఒకటి పొట్టి, ఒకటి పొడుగు. అయినా చూడగానే నా కడుపు మండింది.

"ఎవరు నేర్పారక్కా?"

"నేర్పేదెవరు? నువ్వు లెక్కలు చేస్తావు, నేను గీకుతాను" అని నవ్వింది. ఆ నవ్వు కూడా నాకు నచ్చలేదు.

ఆమె పొలానికి వెళ్ళినప్పుడు గోడను తాడుతో కొలిచి, బొమ్మను గళ్ళుగా విడగొట్టి కాగితం మీదికి దింపుకున్నాను. ఇంటికొచ్చి ఆకుపచ్చ గోడ మీద సుద్దతో గళ్ళు గీసి, గడికి గడి ఎక్కించాను. చెమ్మకు చెదరని దుకాణం రంగులు వాడాను. ఎద్దు కాళ్ళు సమం చేశాను. మా ఆయన చూసి, "అచ్చం వదిన వేసినట్టే ఉందే!" అన్నాడు. ఏమీ అనకుండా ఉంటే బాగుండేది.

ఆసుపత్రిలో చూపించుకోవడానికి అత్తగారు మళ్ళీ వచ్చింది. గోడ ముందు చాలాసేపు నిలబడింది.

"ఇది అయిపోయిందా?"

"అయిపోయిందత్తా. మొత్తం వేశాను."

"అరే! మరి నేనేం చెయ్యాలి?"

నా మొహం చూసి ఆవిడే మంచం మీద కూర్చుని చెప్పింది. "అక్కడ పెద్దది రోజూ తెల్లారకముందే వచ్చి అడుగుతుంది, అత్తా ఇవాళ ఏం వెయ్యాలి అని. నేను చెప్తాను, ఎద్దుకి గంట కట్టు, చిలకకి తోక పెట్టు. రేపు ఏం చెప్పాలా అనుకుంటా పడుకుంటాను. నీంద్ వచ్చేస్తుంది."

తోటికోడలు ఈ సంగతి నాకు చెప్పనేలేదు. నా గళ్ళలో అది ఎక్కడా పడలేదు.

"అయితే నాకూ చెప్పు. నేనూ వేస్తాను" అన్నాను పంతంగా.

"నీకొచ్చా?"

"ఎందుకు రాదు?"

"మేకని వెయ్యి. మీ మామ తంబాకు తినేసేది చూడు, ఆ మేక."

కొలత తీసుకోవడానికి ఆ మేక ఎక్కడా లేదు. తల వేశాను, పొట్ట వేశాను, కొమ్ములు పెట్టాను. కాళ్ళు వేసేసరికి గోడ మీద కుక్క నిలబడింది.

"ఈ కా హై?" అంది అత్తగారు. "కొమ్ముల కుక్కా? గడ్డం పెట్టు, గడ్డం పెడితే మేక అయిపోద్ది."

పెట్టాను.

"ఇప్పుడు మీ మామ అయ్యాడు!" అని కడుపు పట్టుకుని మంచం మీద ఒరిగిపోయింది. మామ పోయాక ఆవిడ నవ్వగా నేను విన్నది అదే మొదలు.

మర్నాడు తోక మార్చమంది. ఆ తరవాత నోట్లో పొగాకు ఆకు పెట్టమంది. ఆకు వేసిన మధ్యాహ్నం గదిలోంచి గుర్రు వినిపించింది. ఆసుపత్రి పని అయిపోయినా ఆవిడ లబాసా మాట ఎత్తలేదు.

ఒక ఆదివారం తోటికోడలు ఫోన్ చేసింది. అత్తగారు ఆమెకు మేక సంగతే చెప్పి చెప్పి, ఫోన్ నా చేతికిచ్చింది.

"ఏం మేక అది?" అంది తోటికోడలు. "నేను అన్ని ఎద్దులు వేశాను, ఒక్కనాడూ అత్త ఇట్లా నవ్వలేదు. ఎట్లా వేశావు?"

"ఊరికే అక్కా. చెయ్యి ఎటు పోతే అటు."

తోటికోడలు అక్కడ కాగితం వెతుక్కున్న చప్పుడు వినిపించింది. తరవాత, "ఎంత పొడుగు, ఎంత ఎత్తు? కొలత చెప్పు, నేనూ వేస్తాను" అంది.

ఆ గొంతు నేను గుర్తుపట్టాను. ఆమె వేసిన ఎద్దుల ముందు నిలబడి ఎవరు నేర్పారని అడిగిన రోజు నా గొంతూ అలాగే ఉంది.

"కొలవలేదక్కా" అన్నాను వీలైనంత తియ్యగా. నిజంగానే కొలవలేదు.