మొదట పిలిచిన పేరు

మా బడి వార్షికోత్సవంలో మైకు ఎప్పుడూ నాదే. జగిత్యాలలో ఏళ్లుగా బహుమతుల పేర్లు చదివేది నేనే. ముందు ఫస్ట్, తర్వాత సెకండ్, ఆఖరున థర్డ్. థర్డ్ దాకా వచ్చేసరికి సగం మంది లేచి వెళ్లిపోతుంటారు. లోకమంతా ఇలాగే పిలుస్తుందనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

మా అక్క బిడ్డ కోరుట్ల చర్చిలో కీబోర్డు వాయిస్తూ పెరిగింది. తర్వాత హైదరాబాద్‌లో పియానో నేర్చుకుంది. ఈ ఏడు యూరప్‌లో అంతర్జాతీయ పోటీకి వెళ్లి ఫైనల్‌కు చేరింది. బహుమతులిచ్చే రోజు చర్చి పక్క హాల్లో తెర కట్టి అందరం లైవ్ చూశాం. అక్కడి భాష మాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ మొట్టమొదట పిలిచింది మా పిల్ల పేరే.

"ఫస్ట్! మనదే ఫస్ట్!" అని అరిచింది నేనే. డప్పులు మోగాయి. అక్క నా చేతులు పట్టుకుని ఏడ్చింది. తర్వాత ఇంకో ఇద్దరిని పిలిచారు. ఆఖరున వచ్చిన అబ్బాయి స్టేజీ మీద కళ్లు తుడుచుకుంటుంటే, "పాపం, థర్డ్ అచ్చిందని ఏడుస్తుండు" అని జాలి కూడా పడ్డాను.

కాసేపటికి మా పిల్లే ఫోన్ చేసింది. "మామా..." అంది.

"తెలుసు బిడ్డా! ఫస్ట్ అచ్చింది! అందరం చూసినం!" అంటూ ఫోన్ అక్కకిచ్చాను. అది హాలంతా తిరిగింది. అందరూ ఫస్ట్, ఫస్ట్ అన్నారు. నా చేతికి తిరిగొచ్చేసరికి ఫోన్ కట్టయింది. సిగ్నల్ పోయిందనుకున్నాను.

తెల్లారేసరికి కోరుట్ల చౌరస్తాలో ఫ్లెక్సీ లేచింది. 'ప్రపంచ ప్రథమ విజేత' అని రాయించి, మూలకు నా ఫోటో కూడా వేయించుకున్నాను. సిరిసిల్లలో బావ వాళ్లన్న బస్టాండు ముందు ఇంకా పెద్దది కట్టించాడు.

ఆమె ఊళ్లో దిగిన రోజే సన్మానం పెట్టాం. దారిలో ఫ్లెక్సీ చూసి తల దించుకుంది. పిల్లకు పొగడ్తలంటే సిగ్గు అనుకున్నాను. శాలువా కప్పి, "ప్రపంచంల ఫస్ట్..." అని మొదలుపెట్టానో లేదో, ఆమె నా చేతిలోంచి మైకు తీసుకుంది.

"నాది థర్డ్ ప్రైజ్. అక్కడ కిందికెళ్లి పిలుస్తరు. ఫస్ట్ అచ్చినోళ్లను ఆఖర్ల పిలుస్తరు."

డప్పులవాళ్లు కూడా ఆగిపోయారు. వెనక వరుసలో ఎవరో "గంతేనా?" అన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆమెను ఇంటికి దింపడానికి ఆటో ఎక్కాం. అప్పుడైనా నా నోరు ఊరుకుందా? "ముందుగాల చెప్పద్దా బిడ్డా? అందరిల నా ఇజ్జత్ పోయింది" అన్నాను. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

"గదే చెప్దామని ఫోన్ చేసిన మామా. థర్డ్ అచ్చిందని సంతోషం ఆగలే. అందరికన్న ముందు నీకే చెప్దామనుకున్న."

ఎక్కడెక్కడి దేశాల పిల్లల్లోనో మూడోదిగా నిలిచింది. అందుకు ఒక్క శభాష్ కూడా మాలో ఎవరి నోటా రాలేదు. ఆటో ఆగాక అందామని నోరు తెరిచాను. ఆమె శాలువా మడిచి నా ఒళ్లో పెట్టింది.

"ఇది ఫస్ట్ అచ్చినోళ్లది మామా" అని దిగిపోయింది.